సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ: రేటు తగ్గింది బండికే, పార్టులకు కాదు

"అన్నా, కొత్త క్రెటా టాప్ మోడల్ పైసలకే పాత బీఎండబ్ల్యూ ఎక్స్5 వస్తుంది కదా, తీసుకోవచ్చా?" నిజామాబాద్ దోస్తులు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు: చాలామందికి వద్దు, కొందరికి ఓకే. ఎందుకో చూద్దాం.

70 లక్షల బండి 18 లక్షలకు దొరికిందనుకోండి. మీకు అది 18 లక్షల బండే. కానీ దాని టర్బో, ఎయిర్ సస్పెన్షన్, ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంప్ మాత్రం 70 లక్షల బండివే. పాత ఐఫోన్ చవగ్గా కొన్నా, ఒరిజినల్ డిస్‌ప్లే మార్చేటప్పుడు అసలు రేటు తెలుస్తుంది కదా, ఇదీ అంతే.

రెండో విషయం, మన వాడకం. మాది కంఠేశ్వర్. అక్కడి నుంచి బస్టాండ్, ఖలీల్‌వాడి, మహా అయితే బోధన్. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్‌6 డీజిల్ బండ్లలో, అంతకుముందు వచ్చిన కొన్ని లగ్జరీ డీజిళ్లలో కూడా, డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్ల ట్రిప్పులే అయితే ఫిల్టర్ జామ్ అవుతుంది. ఇక ఆథరైజ్డ్ సర్వీస్ కావాలంటే దాదాపు 175 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదే దిక్కు. బండి స్టార్ట్ కాకపోతే టోయింగ్ ఖర్చు అదనం.

మూడోది ఢిల్లీ బండ్లు. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో ఎన్‌జీటీ, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత అక్కడి రేట్లు పడిపోయాయి. 2025లో కోర్టు కొంత సడలింపు ఇచ్చినా, "ఢిల్లీ బండి, చవక" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. కానీ అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, టీజీ 16 నంబర్ ఖర్చు కలిపాకే అది చవకో కాదో తేలుతుంది.

అయినా కొంటామంటే ఇవి చూడండి:

- బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెట్టి, ఎర్రర్ కోడ్స్ చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడండి. పది, ఇరవై అని చూపిస్తే అమ్మేవాళ్లు ఏదో దాస్తున్నారని అనుమానించాలి.
- గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగ్, సస్పెన్షన్ కోడ్స్ మామూలు డాంగిల్‌కు దొరకవు. ఆ బ్రాండ్ స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌లో చెక్ చేయించండి.
- గేర్‌బాక్స్ ఆయిల్ "లైఫ్‌టైమ్" అంటే నమ్మకండి. ఈ బండ్లలో చాలావాటికి 8 స్పీడ్ గేర్‌బాక్స్ తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మార్చిన బిల్లు అడగండి.
- ఎంపరివాహన్ యాప్‌లో ఫైనాన్స్, ఇన్సూరెన్స్, చలాన్లు చూడండి.

నా రూల్ సింపుల్. బండి ధరలో కనీసం ఐదో వంతు రిపేర్ల కోసం విడిగా బ్యాంకులో ఉండాలి. వారానికోసారైనా 44వ నంబర్ హైవే ఎక్కే పని ఉండాలి. ఈ రెండూ ఉంటే హాయిగా కొనండి, ఆ డ్రైవింగ్ మజానే వేరు. లేకపోతే వద్దు. మన జిల్లాలో చాలా ఇళ్లకు ఆ పద్దెనిమిది లక్షలంటే ఒకరు గల్ఫ్‌లో ఏళ్లపాటు పడ్డ కష్టం. దాన్ని ఒక్క గేర్‌బాక్స్ బిల్లుకు ఎదురుగా పెట్టడం నాకైతే సబబుగా అనిపించదు. కొత్త మిడ్‌సైజ్ ఎస్‌యూవీ, కంపెనీ వారంటీ, ఊళ్లోనే సర్వీస్: నా ఓటు దానికే.