మరమ్మతునందలి తర్కము

పాత వాహనము కదలక మొరాయించినపుడు యజమానికి మొదట తోచునది క్రొత్త భాగమును కొనుట. తాళము త్రిప్పగా 'టక్కు'మను చప్పుడు మాత్రము వినవచ్చి యింజను తిరుగకున్నచో, స్టార్టరు చెడినదని వెంటనే తీర్పు చెప్పుదురు. విచారణ లేని యీ శిక్షకు వ్యయమగునది యజమాని సొమ్ము. దోషము మాత్రము తరచుగా ఉన్నచోటనే యుండును.

1960 దశకమున అమెరికాలో తయారైన ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ట్రక్కును ఉదాహరణముగా గైకొనవచ్చును. అందు బ్యాటరీ చెంత ఒక రిలే యుండును. తాళము త్రిప్పగనే స్వల్ప విద్యుత్తు దానిని చేరును. అంతట నది బ్యాటరీ నుండి స్టార్టరునకు పెద్ద ప్రవాహమును విడుచును. టక్కుమను చప్పుడు రిలే కదలినదనుటకు సాక్ష్యమేగాని, స్టార్టరు దోషి యనుటకు గాదు.

ఆ ప్రవాహము 200 ఆంపియర్లనుకొందము. చిలుము పట్టిన తీగ కొనయందు 0.02 ఓముల నిరోధమున్నను, అంతటి ప్రవాహమునకు 4 వోల్టులు అచ్చటనే వ్యయమగును. 12 వోల్టుల బ్యాటరీకి ఇది సామాన్యమైన నష్టము కాదు. దీపములకు గావలసిన కొద్దిపాటి ప్రవాహమునకు ఆ చిలుము అంతగా అడ్డురాదు. కనుక దీపములు చక్కగా వెలుగుచున్నవను మాటతో తీగలు నిర్దోషులు కాజాలవు. గేరు న్యూట్రలునందుంచి, చేతి బ్రేకు బిగించి, తాళము త్రిప్పి పట్టిన వేళ తీగ రెండు కొనల నడుమ వోల్టుమీటరు నుంచినచో నిజము తేలును. అప్పుడు గరుకు కాగితముతో తీరు పనికి క్రొత్త స్టార్టరేల?

ఇగ్నిషను విషయమును నిట్టిదే. స్టార్టు చేయునపుడు కాయిలునకు రిలే ద్వారా నేరుగను, తాళము వదలిన పిమ్మట నిరోధపు తీగ ద్వారాను విద్యుత్తు వచ్చును. ఇంజను అంటుకొని, తాళము వదలగనే ఆగిపోయినచో, కాయిలును, ప్లగ్గులను నిందింపక ఆ రెండవ మార్గమునే ముందు పరీక్షించుట న్యాయము.

ఇది మేస్త్రీల పని, పాఠశాలకేల యని కొందఱనవచ్చును. ఈ లెక్కకు మూలమైన సూత్రమును 1827లో గ్రంథస్థము చేసిన ఓమ్, జర్మనీలోని కొలోన్ నగరమున బడిపంతులుగా నుండి, ఆ పాఠశాల పరికరములతోనే ప్రయోగములు జరిపినవాడు. నేటి వాహనములందు కంప్యూటరే దోషసంఖ్యను చూపునుగదా యనువారును గలరు. ఆ సంఖ్య అనుమానితుని జూపునేగాని నేరమును రుజువు చేయదు.

ఓమ్ సూత్రమును వల్లించి పరీక్షలో మార్కులు పొందిన విద్యార్థి, చిలుము పట్టిన తీగ యెదుట నిలిచి స్టార్టరును మార్చుమనినచో, ఆ చదువునకు ఫలమేమి? ఒక పాత బ్యాటరీ, ఒక తీగ, ఒక మీటరు తరగతి బల్లపై నుంచిన ఉపాధ్యాయుడు, భాగములు మార్చుట వేరు, కారణము నెఱుగుట వేరని ఒక్క గడియలో బోధింపగలడు.