ఉద్దానం అడిగే ప్రశ్న

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య బతికే మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి. కారణం మాత్రం ఇదీ అని చెప్పగలిగినవారు లేరు. బోరునీటిలోని సిలికానా, పురుగుమందులా, ఎండలో గంటల తరబడి పనిచేస్తూ చాలినన్ని నీళ్లు తాగకపోవడమా, వంశపారంపర్యమా? అన్నీ తలా కొంత కావచ్చు. నీటిని పరీక్షించాలంటే కెమిస్ట్రీ కావాలి, ఏ ఊళ్లో ఎంతమందో లెక్క తేల్చాలంటే స్టాటిస్టిక్స్ కావాలి. డయాలసిస్‌కు తిరిగి తిరిగి కూలి పోగొట్టుకున్న ఇంటి అప్పులు ఎకనమిక్స్ వాళ్లు చూడాలి. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, వాళ్ల మాటలోనే, మనసు నొప్పించకుండా అడిగి తెలుసుకోవడానికి తెలుగు బాగా రావాలి. ఈ చివరిది కూడా చదువేనని మనం ఒప్పుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఇందుకు దారి ఇప్పటికే ఉంది. 2020-21 సిలబస్‌తో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో విద్యార్థి ఏదో ఒక ఊరికో వార్డుకో వెళ్లి ఇంటింటి సర్వే చేయాలి, ఒక సమస్యను పట్టుకుని రిపోర్టు రాయాలి. 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. చాలా మంచి ఆలోచన. అయితే రిపోర్టు ఇచ్చి మార్కులు పడ్డాక మూడో సెమిస్టర్‌లో ఆ ఊరి ఊసే రాకపోతే, నడిచిన వీధులన్నీ బైండింగ్ చేసిన కాగితాల్లోనే ఆగిపోతాయి. పైగా 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి సింగిల్ మేజర్ వచ్చింది. లోతు కోసం చేసిన మార్పు అది, దాని అవసరం ఉంది. కానీ లోతుకు వెళ్లే పిల్లవాడికి పక్క డిపార్ట్‌మెంట్ గుమ్మం తొక్కే పని కూడా మనమే కల్పించాలి.

వేసవిలో తెచ్చిన నీటి సీసాలే మూడో సెమిస్టర్ ప్రాక్టికల్స్‌కు శాంపిళ్లు కావచ్చు. సర్వే అంకెలే స్టాటిస్టిక్స్ క్లాసులో లెక్కలు కావచ్చు. రెండు డిపార్ట్‌మెంట్లు కలిసి చెప్పే ఇలాంటి క్లాసులకు పెద్ద నిధులు అక్కర్లేదు. చిక్కల్లా ఇద్దరు లెక్చరర్లు కలిసి చెప్పిన గంట ఎవరి వర్క్‌లోడ్‌లో పడుతుందన్న దగ్గర వస్తుంది. వర్క్‌లోడ్ తగ్గితే పోస్టు పోతుందేమోనన్న భయం ఉన్నంతకాలం ఎవరి క్లాసు వారిదే. ఉమ్మడి క్లాసును ఇద్దరి ఖాతాలోనూ పూర్తిగా లెక్కిస్తూ ఉన్నత విద్యామండలి ఒక్క ఉత్తర్వు ఇస్తే, వచ్చే టైంటేబుల్‌లోనే ఇది మొదలుపెట్టవచ్చు.