తాన్ అనే అమ్మాయి సంగతేమిటి?

థాయ్‌లాండ్‌లో ఫుకెట్ అనే దీవి ఉంది. అక్కడి పాత ఊరి వీధుల్లో ఓయేవ్ అనే చలవ పదార్థం ఒకటి అమ్ముతారు. ఒక రకం గింజల్ని నీళ్ళలో పిసికితే వచ్చే జిగురులో అరటిపండు కలిపి పేరబెట్టి, ముక్కలుగా కోసి, మీద ఐసు తురుమూ, పాకమూ, ఉడికించిన ఎర్ర గింజలూ వేసి గిన్నెలో ఇస్తారు. మన సబ్జా గింజల షర్బత్తుకి దూరపు చుట్టం అనుకోండి. ఆ తీపి పదార్థం పేరే ఒక కుర్రాడికి పెట్టి 2020లో అక్కడ ఒక సీరియల్ తీశారు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఐదే ఐదు భాగాలు. ఒక్కోటీ గంట పైమాటే.

సీరియల్ పేరు ‘ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యు’. ఇంగ్లీషులో అలా పెట్టారు గానీ థాయ్ పేరుకి అర్థం వేరే. నా ప్రేమని నీ మనసుతో తర్జుమా చేసుకో అని. నాకు ఇదే నచ్చింది. దర్శకుడు నరుబెత్ కునో. టే అనే కుర్రాడుగా బిల్కిన్, ఓయేవ్‌గా పీపీ క్రిట్ నటించారు. ఆస్తి మీద ఆశతో అమ్మమ్మకి సేవలు చెయ్యబోయి మారిపోయే మనవడి సినిమా ఒకటి 2024లో వచ్చి దేశదేశాల్లో ఏడిపించింది చూశారా, అందులో మనవడు ఈ బిల్కినే.

కథ ఇద్దరు మగపిల్లల ప్రేమ గురించి. ఇలాంటి వాటిని ‘బాయ్స్ లవ్’ కథలంటారు. ఈ మాట చదవగానే పేజీ తిప్పేసేవాళ్ళు ఉంటారని తెలుసు. కాస్త ఆగండి. ఇది మగపిల్లల సంగతే అయితే స్త్రీల పేజీలో రాయాల్సిన పనే లేదు.

అసలు ఈ రకం కథలు పుట్టించిందే ఆడవాళ్ళు. 1970లలో జపాన్‌లో అమ్మాయిల పత్రికలకి బొమ్మల కథలు వేసే యువతులు కొందరు ఉండేవారు. వాళ్ళలో హగియో మోతో 1974లో జర్మనీలోని ఒక మగపిల్లల హాస్టల్ స్కూల్లో జరిగే కథ రాసింది. తకెమియా కెయికో 1976లో ఫ్రాన్సులోని అలాంటి స్కూలు కథే మొదలుపెట్టింది. రాసింది ఆడవాళ్ళు, చదివింది ఆడపిల్లలు. పాత్రలు మాత్రం మగపిల్లలు. ఎందుకలా? కథలు రాసేదాన్ని కాబట్టి నాకు తోచింది చెప్తాను. అమ్మాయిని పెట్టి ప్రేమకథ మొదలుపెడితే రెండో పేజీకల్లా వంటిల్లూ, అత్తగారూ, పరువూ వచ్చి కూర్చుంటాయి. ఎవరు ఎవరికి లొంగాలో కథ మొదలవక ముందే తేలిపోయి ఉంటుంది. ఇద్దరూ మగపిల్లలే అయితే ఆ లెక్క ముందుగా రాసి పెట్టి ఉండదు. ఇద్దరూ సమానంగా నిలబడి, సమానంగా భయపడతారు.

ఆ కథలే చేతులు మారి థాయ్‌లాండ్ చేరాయి. అక్కడా ఇంటర్నెట్‌లో నవలలు రాసింది ఎక్కువగా అమ్మాయిలే. 2014లో ‘లవ్ సిక్’ అనే హైస్కూల్ కథ టీవీకెక్కింది. ఆ తర్వాత ఇక వరదే. ఆ వరదలో చెత్త కూడా బోలెడు ఉందనుకోండి. నటులిద్దర్నీ తెర బయట కూడా జంటగా తిప్పి క్రీములూ చిరుతిళ్ళూ అమ్మించే వ్యాపారం ఒకటి. మా అక్క కూతురు బలవంతం మీద అలాంటివి రెండు మొదలుపెట్టి సగంలో మానేశాను. ఇది మాత్రం మానలేకపోయాను.

టే, ఓయేవ్ చిన్నప్పటి ప్రాణస్నేహితులు. ఇద్దరికీ నటన పిచ్చి. స్కూల్ నాటకంలో ముఖ్య వేషం ఎవరికన్న దగ్గర గొడవొచ్చి మాటలు మానేశారు. ఏళ్ళు గడిచి, పన్నెండో తరగతిలో ఉండగా చైనీసు భాష ట్యూషన్‌లో మళ్ళీ ఎదురుపడ్డారు. తగరం గనుల పనికోసం చైనా నుంచి వచ్చి స్థిరపడిన హొక్కియన్ కుటుంబాల ఊరది. ఇద్దరి గురీ బ్యాంకాక్‌లో నటన చదువులో సీటు మీదే. టేకి ముందుగానే సీటొచ్చేస్తుంది. ఓయేవ్‌కి రాదు. పరీక్ష రాసి తెచ్చుకోవాలి, చైనీసులో వెనకబడి ఉన్నాడు. పాత పగ పక్కన పెట్టి టే అతనికి పాఠాలు చెప్పడం మొదలెడతాడు.

ఇంటర్ చదివే పిల్లలున్న ఇల్లు తెలిసినవాళ్ళకి ఈ వాతావరణం చెప్పక్కర్లేదు. గోడల నిండా కాగితాలు, రాత్రి పదింటికి దీపం, మార్కుల తప్ప మరో ఊసు లేని నెలలు. ఆ ఊపిరాడని రోజుల్లోనే ఒక్కో చైనీసు మాటా, దాని అర్థమూ నేర్చుకుంటూ వీళ్ళిద్దరూ దగ్గరవుతారు. ఓయేవ్‌కి తన మనసు తనకి తెలుసు. టేకి తెలిసినా ఒప్పుకోడు. దగ్గరికొస్తాడు, భయపడి తోసేస్తాడు. మళ్ళీ వస్తాడు. ఓయేవ్ ఒక రాత్రి గదిలో ఒక్కడే అద్దం ముందు ఎర్రటి ఆడవాళ్ళ లోదుస్తు వేసుకుని చూసుకుంటాడు. ఆ దృశ్యం విని నవ్వినవాళ్ళున్నారు. నాకు మాత్రం గుండె పిండినట్టయింది. నేను ఆడపిల్లనై ఉంటే వాడు ఇలా పారిపోయేవాడు కాదు కదా అని ఆ పిల్లాడు తన ఒంటినే నిందించుకుంటున్నట్టు అనిపించింది. నలుపు తగ్గాలనీ, పళ్ళు సరిగ్గా ఉండాలనీ అద్దం ముందు నిలబడి తమని తామే తిట్టుకున్న ఆడవాళ్ళకి ఆ నిలబడటం కొత్త కాదు.

తర్వాత టే చేసిన పని మీద నాకు చాలా కోపం. తనవల్ల నలిగిపోయి ఓయేవ్ చదువు చెడిందని తెలిసి, తన సీటు వదులుకుంటాడు, వరసలో అతనికి రావాలని. సీరియల్ దీన్ని గొప్ప త్యాగంలా చూపిస్తుంది. సంగీతం కూడా అలాగే వాయించారు. టే వాళ్ళమ్మ ఎవరు? ఒంటి చేతి మీద ఇద్దరు కొడుకుల్ని పెంచిన మనిషి. హొక్కియన్ నూడుల్స్ కొట్టు నడుపుతుంది. లావుపాటి పసుపు నూడుల్స్, పెద్ద మంట మీద పెద్ద మూకుడు, రోజంతా ఆ సెగలో నిలబడాలి. ఆ సీటు టేది ఒక్కడిదే కాదు, ఆ మూకుడుది కూడా. తల్లికి మాట మాత్రం చెప్పకుండా వదిలేశాడు! నువ్వంటే నాకిష్టం అన్న ఒక్క ముక్క చెప్పడం కన్నా సీటు వదులుకోవడం వాడికి సులువైంది. ప్రేమ గొప్పది కావడం వల్ల కాదు, భయం అంత పెద్దది కాబట్టి. ఖర్చు కట్టింది అమ్మ.

ఇంకో మనిషి కూడా కట్టింది. తాన్.

తాన్ అదే ట్యూషన్‌లో చదివే అమ్మాయి. మొదట్లో టే వెంటపడింది ఈ అమ్మాయి కోసమే. తెలివైనది, నెమ్మదస్తురాలు. టే ఆ అమ్మాయి దగ్గర మనసు ఒకటి, మాట ఒకటిగా గడుపుతాడు. తనకి ఓయేవ్ మీద ఏమీ లేదని తనకి తాను రుజువు చేసుకోవడానికి ఆ అమ్మాయి పనికొచ్చిందంతే. ఇలాంటి సీరియళ్ళలో ఈ అమ్మాయి వేషం మామూలుగా ఏమిటంటే, గయ్యాళి. ప్రేమికుల మధ్య అడ్డం. చూసే అమ్మాయిలు కూడా ఆమె ఎప్పుడు తొలగిపోతుందా అని కాచుకుంటారు. ఇందులో దర్శకుడు అలా చెయ్యలేదు. తాన్ కళ్ళలో నీళ్ళకి కూడా కెమెరా దగ్గర చోటిచ్చాడు. అయినా నాకది చాల్లేదు. టే ఏడిస్తే పది నిమిషాలు చూపించారు, తాన్ ఏడిస్తే రెండు నిమిషాలు.

ఎందుకు ఇంత పట్టుకుంటున్నానంటే, ఫుకెట్‌లో తాన్ పద్దెనిమిదేళ్ళకే విషయం తెలుసుకుని, నాలుగు రోజులు ఏడ్చి, తన పరీక్ష తను రాసుకుంది. మన దగ్గర తాన్‌కి శుభలేఖ వేస్తారు.

కొడుకు ధోరణి కాస్త అనుమానంగా ఉందంటే మన ఇళ్ళలో తొందరపడేది పెళ్ళికే. ‘ఒక ముడి పడితే అన్నీ అవే సర్దుకుంటాయి’ అన్న మాట మీరు విని ఉండరూ? తాగుడుకీ అదే మందు, జూదానికీ అదే మందు, దీనికీ అదే. పెళ్ళి అన్నది అబ్బాయికి వైద్యం, పిల్ల అందులో మాత్ర. ఏళ్ళు గడిచినా భర్త చెయ్యి తగలకపోతే ఆ అమ్మాయికి దొరికే సలహా ఏమిటో కూడా మనకి తెలుసు. కాస్త బాగా తయారవ్వు, నువ్వే సర్దుకో, ఒక బిడ్డ పుడితే మారతాడు. లోపం తనలోనే ఉందని ఆమె అద్దం ముందు నిలబడుతుంది. ఆ కుర్రాడూ దోషి అని నేను అననుగానీ, నోరు విప్పనివ్వని ఇంట్లో వాడు ఒక్కడే బలి అనుకోవడం పొరపాటు.

చట్టంలో దారి లేకపోలేదు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, పెళ్ళికి సంబంధించిన ముఖ్యమైన సంగతి దాచి మోసంతో ఒప్పించారని తేలితే పెళ్ళి రద్దు కోరవచ్చు. కానీ ఆ మోసం బయటపడిన ఏడాది లోపే కోర్టుకి వెళ్ళాలి, తెలిశాక ఇష్టపూర్వకంగా కలిసి కాపరం చేసి ఉండకూడదు. ఏడాది! ‘సర్దుకో’ అన్న సలహాలు వినడానికే మన అమ్మాయిలకి మూడేళ్ళు పడుతుంది. ఆ గడువు దాటితే మిగిలేది విడాకుల దారి.

మన దేశంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న, ఇష్టపడి కలిసిన ఇద్దరు పెద్దవాళ్ళ సంబంధం నేరం కాదని చెప్పింది. 377వ సెక్షన్‌లో ఆ భాగం పోయింది. 2023 అక్టోబర్ 17న మాత్రం, అలాంటి జంటల పెళ్ళికి గుర్తింపు ఇవ్వడం మా పని కాదు, చట్టసభలే చూసుకోవాలని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. మళ్ళీ పరిశీలించమన్న పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. అంటే మన టే నేరస్తుడు కాడు, కానీ ఓయేవ్‌ని పెళ్ళాడలేడు. ఇంట్లో పెళ్ళి పెళ్ళి అని పోరుతుంటే చట్టం ఒప్పే పెళ్ళికి వాడికి మిగిలింది తానే. ఈ తీర్పు గురించి టీవీలో వాదించినవాళ్ళు సంస్కృతి గురించీ, పాశ్చాత్య పోకడల గురించీ గంటలు గంటలు మాట్లాడారు. తాన్ గురించి ఎవరైనా మాట్లాడతారేమోనని చూశాను.

పెళ్ళి హక్కు రావడంతోనే ఆ భయం ఎగిరిపోతుందనీ అనను. పక్కింటావిడ చూపుని ఏ సెక్షనూ మార్చదు. కానీ అవతలి తలుపు మూసేసి, ఇవతలి తలుపులోంచి ఒక ఆడపిల్లని లోపలికి తోయడం కన్నా అది నయమే కదూ?

సీరియల్లో నాకు ఎక్కువ నచ్చింది అమ్మ కాదు, ప్రేమికులూ కాదు. టే అన్న హూన్. టే లోపలిదంతా మొదట కక్కుకునేది అతని దగ్గరే. మాట పూర్తవకుండానే ఏడుపు ముంచుకొస్తుంది. అన్న ఆశ్చర్యపోడు, ప్రశ్నలు వెయ్యడు, అమ్మకి తెలిస్తే ఏమవుతుందో అనడు. దగ్గరకి తీసుకుంటాడు. అంతే. ఏ గొప్ప డైలాగూ లేదు. మన సినిమాల్లో వద్దన్న అమ్మాయిని వెంటపడి వేధించే హీరోలకి రాసే డైలాగుల్లో పదో వంతు కూడా అక్కర్లేకపోయింది. ఆ రోజు అన్న ఇంట్లో లేకపోయి ఉంటే ఆ కుర్రాడు ఏ సముద్రం వైపు నడిచేవాడో అని నేను కూర్చున్నచోటే భయపడ్డాను.

ఇన్ని ‘వై’ సీరియళ్ళు (అక్కడ వీటిని అలాగే అంటారు) తీసి ప్రపంచానికి అమ్ముకున్న థాయ్‌లాండ్‌లో కూడా, వీటిలో హీరోలు నిజంగా పెళ్ళి చేసుకోవాలంటే మొన్నమొన్నటి దాకా చట్టం ఒప్పుకోలేదు. తెర మీద ముద్దు, రిజిస్ట్రారు ఆఫీసులో వద్దు. 2024 జూన్ 18న అక్కడి సెనేట్ చట్టాన్ని ఆమోదించింది. 2025 జనవరి 23 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి రోజే 1,800కు పైగా జంటలు పెళ్ళి నమోదు చేయించుకున్నాయి. ఆసియాలో తైవాన్, నేపాల్ తర్వాత మూడో దేశం ఇది. ఇదే చట్టంతో పెళ్ళి వయసు కూడా 17 నుంచి 18కి పెంచారు. ఆడపిల్లల తల్లులు గమనించదగ్గ సంగతి, ఎవరూ పెద్దగా రాయలేదు.

చట్టంలో ‘పురుషుడు, స్త్రీ’ అని ఉన్నచోట ‘వ్యక్తి’ అనీ, ‘భార్యాభర్తలు’ అని ఉన్నచోట ‘జీవిత భాగస్వాములు’ అనీ మార్చారు. ‘తల్లి, తండ్రి’ అన్న మాటల్ని కూడా మార్చమని ఉద్యమకారులు అడిగారు, ఒప్పుకోలేదు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఒక బిడ్డని పెంచుతుంటే కాగితాల్లో రెండో ఆవిడని ఏమని రాయాలి? దాని మీద అక్కడ పోరాటం ఇంకా నడుస్తోంది.