రహీం మాస్టారు

హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు కూడా ఒకనాటి ఫుట్‌బాల్ ఆటగాడే. కోచ్‌గా ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 ఒలింపిక్స్‌లో ఆయన నడిపిన భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో క్యాన్సర్‌తో కృశిస్తూనే జట్టును జకార్తా ఆసియా క్రీడలకు తీసుకువెళ్ళారు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫైనల్లో ముందు వరుసలో ఆడించారు. అతడు గోలు కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. 1963 జూన్ 11న మాస్టారు కన్నుమూశారు. ఆ ఆటలో ఆసియా స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు.

మీ ఊరి బడిలో సాయంత్రాలు పిల్లలను ఆడించే మాస్టారు ఉన్నారా? ఆయన ఉండగానే ఒక మంచిమాట చెప్పండి.