అమ్మితేనే కొలుస్తారా?

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళలో చాలామందికి రేడాన్ టెస్టు తెలుసు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఓ పేజీ. నంబరు 4 దాటితే అమ్మేవాడి చేత ఓ పైపూ ఫ్యానూ పెట్టించి, తాళాలు తీసుకుని, ఆ సంగతి మర్చిపోతాం. బానే ఉంది. కానీ ఇల్లు చేతులు మారినప్పుడే ఈ టెస్టు గుర్తుకు రావడమేంటి? నా గొడవంతా దాంతోనే.

అయోవానే తీసుకోండి. మొత్తం 99 కౌంటీలూ ఈపీఏ మ్యాపులో ప్రమాదం ఎక్కువున్న మొదటి జోనే. ఒకప్పటి మంచు పలకలు నూరి పరిచిన ఆ మట్టిలో యురేనియం, రేడియం ఉన్నాయి. రేడియం నుంచి పుట్టే వాయువు రేడాన్. రంగు లేదు, వాసన లేదు. బేస్మెంటు పగుళ్ళలోంచి ఇంట్లోకొస్తుంది. దేశంలో ఇళ్ళ సగటు లీటరుకి 1.3 పికోక్యూరీలు. అయోవాలో పదిళ్ళకి ఏడిళ్ళ దాకా 4 దాటుతాయని రాష్ట్ర ఆరోగ్యశాఖే చెప్తోంది.

పట్నంలో ఇల్లు కొన్నేళ్ళకోసారైనా అమ్ముడవుతుంది. పొలంలో ఇల్లు అలా కాదు. తాత కట్టాడు, తండ్రి ఉన్నాడు, ఇప్పుడు కొడుకున్నాడు. కొనేవాడు లేడు కాబట్టి ఇన్‌స్పెక్టరు రాడు, ఇన్‌స్పెక్టరు రాడు కాబట్టి నంబరు లేదు. జీవితాంతం ఒకే ఇంటి గాలి పీల్చేవాళ్ళనే వదిలేసే సిస్టం ఇది! ఇలాంటి డిజైన్ మన టీములో ఎవడైనా తెస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తాం.

యూనివర్సిటీ ఆఫ్ అయోవా అధ్యయనం 2000లో వచ్చింది. కనీసం 20 ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్న ఆడవాళ్ళనే తీసుకున్నారు. 15 ఏళ్ళపాటు సగటున 4 ఉన్నా ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు 50 శాతం పెరుగుతుందని తేలింది. దేశం మొత్తమ్మీద ఏటా సుమారు 21,000 చావులు రేడాన్ వల్లేనని ఈపీఏ అంచనా.

"మా తాత ఇదే ఇంట్లో తొంభై ఏళ్ళు బతికాడు" అంటారు. చుట్ట కాలుస్తూ తొంభై ఏళ్ళు బతికిన తాతలు మనూళ్ళోనూ ఉన్నారు, అంతమాత్రాన చుట్ట మంచిదైపోదు కదా. "ఇదంతా ఫ్యాన్లమ్ముకునేవాళ్ళ బెదిరింపు" అనేది ఇంకో మాట. సరే, వాళ్ళని నమ్మకండి. కిట్టు మీరే కొనుక్కోండి, ఇరవై డాలర్లకి అటూఇటూ. తలుపులూ కిటికీలూ మూసుంచి, కింది అంతస్తులో రెండ్రోజులు పెట్టి, ల్యాబుకి పంపండి. పక్కింటి నంబరు మీకు పనికిరాదు, ఆనుకుని ఉన్న రెండిళ్ళకే పొంతన ఉండదు.

గింజలో తేమ కొలిచే రైతు, మట్టిలో సారం కొలిపించే రైతు పడగ్గది గాలి కొలవలేదంటే తప్పు అతనొక్కడిదే కాదు. బడుల్లో టెస్టు తప్పనిసరి చేస్తూ అయోవా 2022లో చట్టం తెచ్చింది. అదే పిల్లాడు రాత్రంతా పడుకునే ఇంటికి అలాంటి చట్టం లేదు. ఆస్తిపన్ను నోటీసు ప్రతి ఇంటికీ పంపగలిగినవాళ్ళకి దాంతోపాటు ఓ కిట్టు పంపడానికి ఏం అడ్డమొచ్చింది?

ఇక మన సంగతి. పైపు పెట్టించిన ఇంట్లోనూ రెండేళ్ళకోసారి మళ్ళీ కొలవమని ఈపీఏ చెప్తోంది. బేస్మెంటులో కూర్చుని రోజూ కాల్స్ మాట్లాడేవాళ్ళు ఓసారి ఆ పైపుకున్న యు ఆకారపు గొట్టం చూడండి. అందులో ద్రవం రెండువైపులా సమంగా ఉంటే ఫ్యాను పనిచెయ్యట్లేదన్నమాట.