వంటింట్లో అగ్రరాజ్యాలు

1959 జులై 24న మాస్కోలో, అమెరికా ఏర్పాటుచేసిన ప్రదర్శనలో, ఒక నమూనా వంటగది ముందు ఇద్దరు మగవాళ్ళు వాదించుకున్నారు. ఒకరు అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్, మరొకరు సోవియట్ ప్రధాని కృశ్చేవ్. బట్టలుతికే యంత్రాన్ని చూపించి మా ఇల్లాళ్ళ చాకిరీ తగ్గిస్తున్నామన్నాడు నిక్సన్. ఆడవాళ్ళ పట్ల మీ పెట్టుబడిదారీ వైఖరి మా దగ్గర లేదన్నాడు కృశ్చేవ్. అసలా బట్టలు ఆడవాళ్ళే ఎందుకు ఉతకాలన్న ప్రశ్న ఇద్దరికీ తోచలేదు.

ప్రచ్ఛన్నయుద్ధంలో సిద్ధాంతాల పాత్ర గురించి రాసేవాళ్ళు చాలామంది దీన్నొక సరదా ముచ్చటగా చెప్పి ముందుకెళ్ళిపోతారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. ఎవరి వ్యవస్థ గొప్పదన్న తగువులో ఇరుపక్షాలూ స్త్రీల జీవితాన్ని సాక్ష్యంగా చూపించాయి. సాక్ష్యంతో పని తీరాక పక్కన పెట్టేశాయి. 1963లో వాలెంటీనా తెరిష్కోవాను అంతరిక్షంలోకి పంపిన సోవియట్ యూనియన్‌కు మరో స్త్రీని పంపడానికి 19 ఏళ్ళు పట్టింది. అదీ అమెరికా తన మొదటి మహిళను పంపబోతున్న వేళ!

ఈ పోటీ వల్ల మనకేమీ ఒరగలేదని నేననను. స్త్రీలపై వివక్షను నిర్మూలించే సీడా ఒప్పందం 1979 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో ఆమోదం పొందడం వెనుక ఆ పంతాలూ ఉన్నాయి. సోవియట్ యూనియన్ దాన్ని 1981లో ధ్రువీకరించింది. 1980లో సంతకం చేసిన అమెరికా ఈనాటికీ ధ్రువీకరించలేదు.

అయితే అదే డిసెంబరులో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో దిగింది. అంతకు ఏడాది ముందే కాబూల్ ప్రభుత్వం కన్యాశుల్కానికి హద్దు పెట్టి, ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 16 ఏళ్ళని శాసనం చేసింది. అవసరమైన శాసనమే. కానీ పరాయి ట్యాంకులు వచ్చాక స్త్రీల హక్కులంటేనే దురాక్రమణదారుల మాట అన్న పేరు పడింది. ఎదురు తిరిగిన ముజాహిదీన్‌లకు అమెరికా డబ్బూ ఆయుధాలూ ఇచ్చింది. వాళ్ళలో ఆడపిల్లల చదువంటే గిట్టని వర్గాలున్న సంగతి వాషింగ్టన్‌కు అడ్డురాలేదు. 2001లో అదే అమెరికా, ఆఫ్ఘన్ స్త్రీల విముక్తిని కూడా ఒక కారణంగా చెప్పుకుంటూ, అక్కడ బాంబులు కురిపించింది. 2021 ఆగస్టులో వెళ్ళిపోయింది.

ఆ మరుసటి నెల నుంచీ అక్కడ ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు. రొట్టె, పని, స్వేచ్ఛ కావాలంటూ కాబూల్ వీధుల్లోకి వచ్చిన స్త్రీలను తాలిబాన్లు తుపాకులు పేల్చి చెదరగొట్టారు. 2025 జులైలో ఆ ప్రభుత్వాన్ని అధికారికంగా గుర్తించిన మొట్టమొదటి దేశం రష్యా.