వాడేసిన కుర్చీ మనకేనా?

"పేదోళ్లు కొత్త వీల్‌చైర్ ఎక్కడ కొంటారండీ, పాతది దొరికితే చాలదా?" ఈ మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువ వింటున్నాను. దయగానే అంటారు. ఆ దయ మనకి తెలియనిది కాదు. పండక్కి పాత చీర, పెళ్లయ్యాక మిగిలిన కూర, వాళ్ల పిల్లలకి పొట్టైపోయిన చొక్కా. ఇప్పుడు కాళ్లు పడిపోయిన మనిషి కూర్చునే కుర్చీ కూడా వాడకి ఆ దారినే వస్తోంది.

పాత వస్తువంటే నాకు చిన్నచూపు లేదు. నా పీహెచ్‌డీ సగం సెకండ్ హ్యాండ్ పుస్తకాలతోనే నడిచింది. కానీ పుస్తకంలో పేజీ చిరిగితే చదువు ఆగదు. కుర్చీ విరిగితే మనిషి కింద పడతాడు. సీటు కొలత తప్పితే పుండు పడుతుంది. నడుం కింద స్పర్శ లేనివాళ్లకి ఆ పుండు సంగతే తెలీదు. వాసనొచ్చాక ఇంట్లో ఆడవాళ్లు చూస్తారు.

"రోగానికి కులమేంటి, పక్షవాతం అందరికీ వస్తుంది కదా" అంటారు. వస్తుంది. కానీ శ్రీకాకుళం నుంచి హైదరాబాద్, చెన్నై వెళ్లి సెంట్రింగ్ కర్రల మీద నిలబడేది ఎవరు? మా శ్రీకూర్మంలో డోలోత్సవానికి దేవుణ్ని డోలలో ఊపుతారు. పక్కనున్న విజయనగరం వైపు కొండ ఊళ్లలో రోడ్డు లేక నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తారు. ఎవరి ఒంటిని ఎవరు మొయ్యాలి, ఎలా మొయ్యాలి అన్నది మన దేశంలో ఎప్పుడూ కులం లెక్కే.

వరసకి నాకు చిన్నాన్న అయ్యే ఒకాయన పనిలో స్లాబు మీంచి పడ్డాడు. వెన్నుపూస పోయింది. మేస్త్రి ఇచ్చిన డబ్బు ఇంటికి చేరడానికే సరిపోయింది. పిల్లలు ఒక పాత సామాన్ల కొట్లో కుర్చీ కొన్నారు. పైన తళతళలాడే నల్ల రంగు. నెల తిరక్కుండా సీటు కింద కత్తెరలా ఉండే గొట్టం వెల్డింగు దగ్గర ఊడింది. రంగు కింద అంతా తుప్పే. "పాత సామానుకి గ్యారంటీ ఏటి?" అన్నాడు కొట్టువాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కొనక తప్పనప్పుడు ఇలా కొనండి. వాడే మనిషి కొలత తీసుకునే వెళ్లండి. కూర్చున్నాక తొడకీ పక్క రేకుకీ మధ్య అరచెయ్యి నిలువుగా దూరాలి. రెండు చేతులు దూరితే ఆ కుర్చీ పెద్దది. మోకాలి వెనక రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. పాదాలు మెట్టు మీద పూర్తిగా ఆనాలి. కొత్తగా రంగు వేసి ఉంటే మెచ్చుకోకండి, అనుమానించండి. మనది సముద్రం గాలి, ఉప్పు గాలి. ప్రతి వెల్డింగు దగ్గరా గోటితో గీకి చూడండి. మూడు సార్లు మడిచి తెరవండి. బరువైన మనిషిని కూర్చోబెట్టి, రెండు బ్రేకులూ వేసి, వాలు మీద నెట్టి చూడండి. చక్రం కదిలితే వద్దు. ముందు చిన్న చక్రాలు ఊగుతున్నాయేమో, వెనక చక్రం తిప్పితే వంకర పోతోందేమో చూడండి.

పాత మెత్త కొనొద్దు. నలిగిన స్పాంజి పుండుకి దారి. మనిషిని లేపే హోయిస్ట్ పాత బెల్టు అసలే వద్దు. కుట్టు ఎక్కడ వదిలిందో కంటికి కనపడదు. వాకర్ కొంటే కింద రబ్బర్లు కొత్తవి వేయించండి. నిలబడి చెయ్యి వేలాడదీస్తే పిడి మణికట్టు దగ్గరకి రావాలి. గాలి పరుపుని ఒక రాత్రంతా ఆన్‌లో ఉంచి చూడండి. మంచం పక్క కమ్మీల మధ్య తల ఇరుక్కునే సందు ఉండకూడదు. బ్యాటరీ కుర్చీ అయితే కొత్త బ్యాటరీ ఖరీదు కూడా కలిపే బేరం చెయ్యండి. కమోడ్ కుర్చీని ముందు సబ్బుతో, తర్వాత బ్లీచింగుతో కడగండి. మాటలు కాదు, రసీదు రాయించుకోండి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక అడుగుతున్నాను. ఇదంతా కూలివాడి పెళ్లాం ఒక్కతే ఎందుకు చూసుకోవాలి? కాన్పూర్‌లో అలింకో 1972 నుంచి ఉంది. అడిప్ పథకం 1981 నుంచి ఉంది. 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉండి, ఆదాయం పథకం చెప్పిన హద్దులో ఉంటే కుర్చీ ఉచితం. పేద వృద్ధుల కోసం 2017లో వయోశ్రీ వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఇన్ని ఉండగా జీఎస్టీ వచ్చిన 2017లో అదే ప్రభుత్వం వీల్‌చైర్ మీద 5 శాతం పన్ను వేసింది. నడవలేని మనిషి కదలిక మీద పన్ను!

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి సాయం చేసే పరికరాలు 250 కోట్ల మందికి అవసరం. దాదాపు 100 కోట్ల మందికి అందట్లేదు. అవసరమైనవాళ్లలో కొన్ని పేద దేశాల్లో 3 శాతానికే దొరికితే, కొన్ని ధనిక దేశాల్లో 90 శాతానికి దొరుకుతున్నాయి. దేశాల మధ్య ఉన్న ఈ తేడా ఊరికీ వాడకీ మధ్య ఉండదంటారా?

దాతలకీ ఒక మాట. మనిషి కొలత తియ్యకుండా అందరికీ ఒకే సైజు కుర్చీ ఇచ్చి, దండేసి, ఫొటో తీసుకోవడం దానం కాదు. ఇచ్చేముందు మీ కుర్చీలో మీరు ఒక పూట కూర్చోండి.

మన డిమాండ్లు ఇవి. ప్రతి మండల కేంద్రంలో రిపేరు చేసే మనిషి, విడి భాగాలు కావాలి. ఇప్పుడు మా చుట్టుపక్కల స్పోకు విరిగితే దిక్కు సైకిల్ షాపే. ప్రభుత్వ ఆసుపత్రిలో కొలత తీసి కుర్చీ అమర్చాలి. వాడకం అయిపోయిన కుర్చీలు వెనక్కి తీసుకుని, బాగుచేసి, పరీక్షించి, హామీ రాసి ఇచ్చే కేంద్రం జిల్లాకొకటి పెట్టాలి. అప్పుడు పాతదైనా ఎవరికీ చిన్నతనం కాదు.

అంతవరకు మన పని మనం చేద్దాం. ఈ ఆదివారం ఒక్కొక్కరు ఒక్కో వాడకి వెళ్లండి. సదరం సర్టిఫికెట్ ఎవరికి ఉంది, ఎవరికి లేదు, ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటున్నారు, అన్నీ రాయండి. లేనివాళ్ల చేత స్లాట్ బుక్ చేయించండి. టేపు ఒకటి జేబులో పెట్టుకోండి.

జై భీమ్.